పొయ్యి పక్క గాజు పళ్ళెం

తెరిసమ్మ పొయ్యి మీద డికాషను పెట్టి, పక్కనే కంబళి చుట్టిన దోసెపిండి గిన్నె మూత తీసి చూసింది. అరకు చలికి పిండి పొంగదు. డిసెంబరంతా దానికి పొయ్యి పక్కనే పడక.

అంతలో కూతురు సుజానా కంగారుగా వచ్చింది. కిటికీలో పెట్టిన గాజు పళ్ళెం కనబడటం లేదంది.

విశాఖపట్నంలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్న సుజానా, ఆ మూత బిగించిన పళ్ళేన్ని నిన్న రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది, తల్లికి చూపించాలనే. మధ్యలో ఉన్న చుక్క, వెలుతురు చేరని సముద్రపు అడుగు బురదలో దొరికిన బాక్టీరియా. చుట్టూ పరిచింది హాని చేయని మామూలు క్రిమి. చుక్క దాన్ని దగ్గరకు రానివ్వకపోతే, ఏదో ఒకనాటికి మందు దొరకవచ్చు. మళ్ళీ బురద తేవడానికి వచ్చే వారం ఓడ బయలుదేరుతుంది, అందులో సుజానా కూడా వెళ్ళాలి.

తెరిసమ్మ ఒప్పుకోలేదు. ఏళ్ళ కిందట కాఫీ కొమ్మలు కొడుతుంటే కత్తి దిగి, కొడుకు రాబిన్ కాలికి పడిన పుండు ఏ ఇంజెక్షనుకీ లొంగలేదు. వాడు పోయాక మిగిలిన ఒక్క పిల్లను సముద్రానికి ఇవ్వనని రాత్రి తేల్చి చెప్పింది.

"పళ్ళెమా? పిండి కాడ ఎట్టినాను. సలికి పిండే పొంగదు, నీదేటి పెరుగుద్ది?"

సుజానా ముఖం పాలిపోయింది. "అది చలిలో పుట్టిందమ్మా. వేడికి చచ్చిపోతుంది. నన్ను ఆపాలనే చేశావు కదూ?"

"ఆపాలంటే పారేద్దును గదే. కంబళెందుకు కప్పుతాను?"

సుజానా కంబళి తీసి, పళ్ళేన్ని వెలుతురుకు ఎత్తింది. చుక్క వాడిపోయింది. వెచ్చదనానికి మామూలు క్రిమి మాత్రం మీగడలా తెల్లగా అల్లుకుంది. కాని చుక్క దగ్గరికి రాలేదు. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు, దాని చుట్టూ తేటగా ఒక వలయం.

"ఇక్కడికి రానేదేటే?"

"చచ్చేలోపు అది వదిలిన రసం కాపలా కాస్తోంది."

"సచ్చిపోయినా?"

"చచ్చిపోయినా."

తెరిసమ్మ గాజు మూత మీద వేలితో ఆ వలయం చుట్టూ మెల్లగా గీసింది. చర్చిలో అగాధమన్న మాట విన్నప్పుడల్లా అక్కడ చీకటి తప్ప ఏమీ లేదనుకునేది.

"ఇదప్పుడుంటే మన రాబిన్..."

"తెలీదమ్మా. మందవుతుందో లేదో కూడా తెలీదు. అయినా ఏళ్ళు పడుతుంది."

తెరిసమ్మ పొయ్యి మీది డికాషను దించింది. తర్వాత కంబళి దులిపి, మడిచి, కూతురి సంచిలో పెట్టింది.

"ఓడలో సలేస్తాది. ఇది అట్టుకెళ్ళు."

"మరి పిండికో?"

"పిండికేటి, రాబిన్ దుప్పటుంది."

ఆ దుప్పటిని ఆమె ఇన్నేళ్ళుగా ఎవరినీ ముట్టనివ్వలేదు. సుజానా తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చింది.