కత్తి వదలని చెయ్యి

మంగళవారం సెలూన్‌కి సెలవు. అయినా ఆ ఇంట్లో అందరికంటే ముందు నాన్న లేచేది ఆ రోజే. క్యాన్సర్ మందుల వల్ల జుట్టు ఊడిపోతున్న రోగులకు గుండు చేయడానికి పద్దెనిమిదేళ్ళుగా ఆసుపత్రికి వెళుతున్నాడు. పైసా పుచ్చుకోడు. ఎవరైనా దండం పెడితే పక్కకు తప్పుకుంటాడు. "నాదేముంది, చేయించేవాడు చేయిస్తున్నాడు. కర్మయోగమంటే ఇదే" అంటాడు. ఊళ్ళోవాళ్ళకి ఆయనో యోగి. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఉత్త మొండిఘటం.

ఆ పొద్దున కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నాలుగేళ్ళుగా సెలూన్ నడుపుతున్నది ఆమే. నాన్న కత్తుల సంచి ఆమె భుజాన ఉంది.

"ఇలా ఇవ్వు" అన్నాడు నాన్న.

"ఇవ్వను. పోయిన వారం ఒకావిడకి చెవి వెనక గాటు పెట్టావంట. గంటసేపు రక్తం ఆగలేదంట. నర్సు ఫోన్ చేస్తే గానీ నాకు తెలీలేదు. ఎందుకు దాచావు నాన్నా?"

ఆయన ముఖం మాడిపోయింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకున్నాడు. ఏడాదిగా ఆ చెయ్యి వణుకుతోంది. అమ్మ ఆయనకి టీ సగం కప్పే పోసి ఇస్తుంది. ఎందుకని ఆయన అడగడు, ఆవిడా చెప్పదు.

"ఇన్నేళ్ళలో ఒక్క గాటు. దానికింత రాద్ధాంతమా?"

"వాళ్ళకి రక్తం తొందరగా గడ్డకట్టదు. అందుకేగా మెషిన్ వాడమని డాక్టర్లు మొత్తుకునేది. నువ్వేమో కత్తి తప్ప ముట్టవు."

"మెషిన్‌తో నున్నగా రాదే. తల తడుముకుంటే చేతికి గరుకు తగలకూడదు వాళ్ళకి."

"ఇవాళ్టి నుంచి నేను వెళతా."

"నువ్వా? నీకది పని. నాకు సేవ. నేనేం లాభం కోసం చేస్తున్నానని మాన్పిస్తావ్?"

చిన్నప్పటి నుంచి ఆయన మాటకు ఎదురు చెప్పని పిల్ల. కానీ ఆ రోగి చెవి వెనక కారిన రక్తాన్ని తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు మండింది. అమ్మానాన్నలని కూడా చూసేట్టు లేదు ఆ కోపం.

"డబ్బొద్దన్నావు, పేరొద్దన్నావు. చేసేది నేనేనన్న పట్టు మాత్రం వదల్లేదు. చేయించేవాడు వేరే ఉన్నాడంటావుగా, ఆయన నా చేత చేయిస్తే నీకెందుకు కడుపుమంట?"

నోరు మూసుకోమని అమ్మ కసురుతుందనుకుంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "అది అన్నదాంట్లో తప్పేముందండీ?" అంది.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "అయితే నేనింక దేనికి పనికొస్తానే?" అన్నాడు. అయినా కూతురు సంచి దించలేదు.

"అది నాకు తెలీదు నాన్నా. కత్తి పట్టడానికి మాత్రం పనికిరావు" అని బయటపడింది. దారి పొడుగునా ఏడ్చింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

వార్డులో మొదట కూర్చున్నది కొత్తగా చేరిన ఓ టీచరమ్మ. కూతురు కళ్ళు కడుక్కొచ్చి, ఆమె భుజాల చుట్టూ గుడ్డ కట్టి మెషిన్ నడపసాగింది. పొడుగాటి పాయలు నేలమీద పడుతున్నాయి. సగం తల అయ్యేసరికి వెనక చీపురు చప్పుడు వినిపించింది. చూస్తే నాన్న. నడుం వంచి, రెండు చేతుల్తో చీపురు పట్టుకుని, ఆ జుట్టంతా పోగు చేస్తున్నాడు. పాయల్ని టీచరమ్మ కంటపడనీయకుండా చేటలోకి ఎత్తుతున్నాడు.

"ఎవరమ్మా ఆ పెద్దాయన?" అని అడిగింది టీచరమ్మ.

మా నాన్న, పద్దెనిమిదేళ్ళుగా ఈ వార్డులో అని చెప్పబోయింది కూతురు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఊడవడానికొచ్చానమ్మా" అన్నాడు.

కూతురి చేతిలో మెషిన్ ఆగిపోయింది. కళ్ళు మసకబారి ఎదుటి తల కనిపించలేదు.

"ఆగావేం? కానివ్వు. ఇంకా ముగ్గురున్నారు" అన్నాడు నాన్న, తల ఎత్తకుండానే.