గిటారు మెడలో గడప చెక్క

షఫీవుల్లా దుప్పట్లో ఏదో చుట్టుకుని, వీధిలో ఎవరి కంటా పడకుండా మా ఇంట్లోకి దూరాడు.

"ఏమప్పా, ఎవురి పిల్లను లేపకొచ్చినావు?" అన్నాను.

వాడు నవ్వలేదు. దుప్పటి విప్పాడు. లోపల వాడి బేస్ గిటారు. మద్రాసులో ఓ ఓడ మనిషి దగ్గర కొన్న పాత ఫారిన్ సరుకు. నాయుడుపేటలో బస్సు టాపు మీంచి పడి మెడ విరిగింది. లావుపాటి నాలుగు తీగలూ ఊడకుండా ఉండబట్టి మెడ ఇంకా వేలాడుతోంది.

"ఆదివారం చిత్తూరులో పెండ్లి కచేరీ చిన్నబ్బా. ఇది పలక్కపోతే ఆర్కెస్ట్రాలో నా జాగాలో ఇంకోడు నిలబడతాడు. నువ్వే ఏమన్నా చెయ్యాల."

నేను వడ్రంగిని. మంచాలు, కుర్చీలు తప్ప గిటారు ముట్టినవాణ్ణి కాను. అయినా వాడి ముఖం చూశాక, "మంచం కోడు అనుకుంటే సరిపాయె, పెట్టిపో" అన్నాను.

చిక్కల్లా చెక్కతోనే. అతుకులో కొత్త చెక్క పెడితే తీగల బిగువుకు వంగిపోతుంది. ఎండి ఎండి రాయిలా అయిన పాత టేకు కావాలి. అలాంటిది నాకు తెలిసి ఒక్కచోటే ఉంది. అలిపిరి దారిలో, తాళం వేసి ఉన్న మా సొంతింటి గడప.

మా అవ్వ నాగరత్నమ్మ చెడ్డ నక్షత్రంలో పోయింది. అలా పోయినవాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వస్తారనీ, ప్రాణంగా చూసుకున్నవాళ్లను వెంట తీసుకుపోతారనీ మా వైపు భయం. అందుకే అవ్వను వాకిట్లోంచి తీసుకుపోలేదు. గోడకు కన్నం కొట్టి, అందులోంచి బయటికి తీసి, కన్నం పూడ్చేశాం. గడప దాటకుండా పోయినవాళ్లకు తిరిగొచ్చే దారి దొరకదట. ఇంటికి ఆరు నెలలు తాళం పెట్టి నేనూ, మా అక్క పంకజాక్షీ, అక్క కూతురు మునిలక్ష్మీ కొర్లగుంటలో బాడుగింటికి వచ్చేశాం. ఆ ఇంటికి అసలు గడపే లేదు. లోపలి నుంచి వీధి దాకా ఒకటే సిమెంటు నేల. "శుక్రవారం పసుపు యాడ పూసేదిరా?" అని అక్క సణిగేది.

అక్క భయమంతా మునిలక్ష్మి గురించే. కళ్లకు పొరలు కమ్మిన అవ్వను చేయి పట్టుకుని నడిపించింది ఆ పిల్లే. వాకిలి దగ్గర ఆగి, పెద్ద ఆరిందాలాగా, "గడప ఉండాదవ్వా, కాలెత్తు" అనేది.

"కండ్లున్నప్పుడే అవ్వకు అంగడికి దారి తెలీదు, సచ్చినాక కొర్లగుంట తెలుస్తాదా?" అని నేను అక్కను ఏడిపించేవాణ్ణి. గడప పెరికేటప్పుడు కూడా ఈలేసుకుంటూనే పెరికాను. పైన ఏళ్ల నాటి పసుపు. రంపం పెడితే లోపల బెల్లం రంగు. కోసి, మెడలో అతికి, తాడు చుట్టి బిగించి, ఆరాక లక్క పాలిష్ పట్టాను. అతుకు గోటికి కూడా తగల్లేదు.

శనివారం సాయంత్రం. ముసురు. అక్క అంగడికి పోయింది. మునిలక్ష్మి మూల చాప మీద చింతగింజలు ఆడుకుంటోంది. షఫీ గిటారును స్పీకరు పెట్టెకు తగిలించి, అన్నిటికంటే లావు తీగను మీటాడు.

ధుమ్మ్...

అరికాళ్ల కింద నేల వణికింది.

"పలికిందప్పా!" అన్నాడు షఫీ.

"పలక్క యాడికి పోతాది? సేసిందెవురు!" అన్నాను.

అప్పుడే కరెంటు పోయింది.

చీకటి. చూరు నీళ్ల చప్పుడు. తడిసిన మట్టి వాసన. షఫీ గిటారును గోడకు ఆనించి, అగ్గిపెట్టె కోసం తడుముకుంటున్నాడు.

ధుమ్మ్...

"కరెంటొచ్చినాక వాయించుదువులే," అన్నాను.

"నేను యాడ వాయిస్తాండా? నీ యేసాలు నా కాడ వద్దు చిన్నబ్బా."

నేను గదికి ఈ చివర ఉన్నాను. పెట్టెకు కరెంటు లేదు.

ధుమ్మ్... అంది పెట్టె.

తప్... అంది బయటి గోడ. అరచేత్తో తట్టినట్టు.

మళ్లీ ధుమ్మ్... మళ్లీ తప్... ఇంకాస్త ఇవతలగా. ఎవరో గోడ తడుముకుంటూ వస్తున్నారు. పిలుపు వినబడే వైపుకు.

గదిలోకి వాసన వచ్చింది. వక్కాకు, పొగాకు. మా ఇంట్లో అవి నమిలే మనిషి ఒక్కతే...

షఫీ అగ్గిపుల్ల గీశాడు. గిటారును ఎవరూ ముట్టుకోలేదు. లావు తీగ అదురుతోంది.

"ఆ పట్టకారు తీసి తీగలు కొయ్యి," గుసగుసగా అన్నాను.

"కోస్తే రేపు కచేరీ..."

"కొయ్యరా!"

అప్పుడు చూశాను. చాప మీద పిల్ల లేదు. తెరిచిన తలుపు దగ్గర ఉంది. ఒక చేయి బయటి చీకట్లోకి చాచి...

ఒక్క దూకు దూకి పిల్లను లోపలికి లాగాను. వెనక టంగ్‌మని తీగ తెగింది. ఇంకొకటి. ఇంకొకటి. ఆఖరిది తెగాక వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి కరెంటు వచ్చింది. బయట ఎవరూ లేరు.

తెల్లారి నేనే గిటారు మెడ విరిచాను. అతుకు దగ్గర మాత్రం విరగలేదు. దాన్ని రంపంతో కోసి తీయాల్సి వచ్చింది. ఆ చెక్కను ఇద్దరం రేణిగుంట దాకా తీసుకుపోయి, నిండుగా పారుతున్న ఏట్లో వేసి వచ్చాం.

"నువ్వింక చిత్తూరుకు ఏం పట్టుకోని పోతావురా?" అన్నాను.

"తబలాలు మోసేదానికన్నా పోతాలే," అన్నాడు షఫీ. వాడు నవ్వాడని నేనూ నవ్వాను. ఇంటికొచ్చేసరికి మళ్లీ ఈల కూడా వేస్తున్నాను.

"మునీ, అన్నం తిందువు రామ్మా," లోపల్నుంచి అక్క పిలిచింది.

వీధిలో ఆడుకుంటున్న పిల్ల నెమ్మదిగా వచ్చింది. ఎప్పుడూ పరిగెత్తే పిల్ల. ఎడమ చేయి పక్కకు చాచి ఉంది. వేళ్లు ముడిచి ఉన్నాయి. ఆ నున్నటి సిమెంటు వాకిట్లో ఆగి, పక్కకు తిరిగి, తల పైకెత్తి చూసింది.

"గడప ఉండాదవ్వా," అంది. "కాలెత్తు."