డ్యూక్ గారికి రంగులు వేసే అబ్బాయి

"ఇంకా గట్టిగా పట్టుకో! నువ్వు ఉత్తరదేశపు డ్యూక్‌వి, బస్సులో పక్క సీటువాడివి కాదు!"

బోమి అరిచింది. ఫోన్ కెమెరా టిక్కుటిక్కుమంటోంది. ఆమెను గోడకి ఆనించి భయపెట్టాల్సిన గ్యుహో, ఆమె ఎడమ మణికట్టుని ఉడికిన గుడ్డులా రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు.

"నొప్పిగా ఉందా అండీ?"

"డ్యూక్ ఎక్కడైనా ఆ మాట అడుగుతాడా? సిలెట్టాని గోపురంలో పెట్టి తాళం వేసినవాడు! పారిపోతే కాళ్ళు విరగ్గొడతానన్నవాడు!"

"అందుకే అడగాలనిపించిందండీ."

బుచోన్ ఊళ్ళో, వేయించిన కోడి అమ్మే కొట్టు పైన వాళ్ళ స్టూడియో. బోమి కథ రాసి బొమ్మలు గీస్తుంది, గ్యుహో వాటికి రంగులు వేస్తాడు. ఫోటో దిగి చూసుకుంటే తప్ప ఆ గోడకి ఆనించే భంగిమలు కాగితం మీద కుదరవు. వాళ్ళ చేతుల మీదుగా ప్రతి గురువారం ఫోన్లలోకి వెళ్ళే 'మంచుకోట చెర' బొమ్మల సీరియల్ అంటే ఆడపిల్లలు చెవి కోసుకుంటారు. డ్యూక్ మహాశయుడు కథానాయిక సిలెట్టాని ఎత్తుకొచ్చాడు, బంధించాడు, ఆమెతో రెండు మాటలు మాట్లాడిన పాపానికి తోటమాలిని దేశం దాటించాడు. కింద కామెంట్లు చూడబోతే అన్నీ ఎర్ర హృదయాలే. "నన్నూ ఎత్తుకుపో డ్యూక్!" అని ఒకటే గోల.

"నిన్ను హీరోని చేస్తే మొదటివారంలోనే కథ కంచికి పోతుంది," అంది బోమి నవ్వుతూ. "ఎత్తుకొచ్చిన పిల్లని 'మీ అమ్మగారికి చెప్పి వచ్చారా అండీ' అని అడుగుతావు."

నిజానికి గ్యుహో అంటే ఆమెకి చచ్చేంత ఇష్టం. ఆ మాట చెప్పడం చేతగాక వెక్కిరిస్తూ ఉంటుంది. పాపం గ్యుహోకి మాత్రం వెక్కిరింపు ఒక్కటే వినబడింది.

మర్నాడు అతను పొడుగాటి నల్లకోటు వేసుకుని వచ్చాడు. నడి వానాకాలం, ఉక్కపోత. చెమటలు ధారలు కడుతున్నాయి.

"కోటేంటి? జ్వరమా?"

"నా కోటు సంగతి నీకు అనవసరం," అన్నాడు కళ్ళు చిన్నవి చేసి.

నీకు! బోమి ఐస్ కాఫీ ఒలకబోసుకుంది. 'మీరు' తప్ప మరో మాట తెలియని మనిషికి ఇవాళ ఏ గాలి సోకింది?

ఇంతలో ఎడిటర్ మిసుక్ ఫోన్ చేసింది. గ్యుహో చటుక్కున లాక్కున్నాడు.

"ఈమె నాది. ఇంకోసారి ఫోన్ చేస్తే ఊరుకోను!"

అవతల మిసుక్ కెవ్వుమంది. "అబ్బబ్బబ్బా! ఏం డైలాగమ్మా! ఒళ్ళు జలదరించింది! వచ్చేవారం కథలో పెట్టెయ్యండి!"

"థాంక్సండీ," అని గ్యుహో బిక్కమొహం వేసుకుని ఫోన్ తిరిగిచ్చేశాడు.

బోమికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. నా ఫోన్ లాక్కోవడానికి వీడెవడు? గొడుగు తీసుకుని విసవిసా మెట్లు దిగి వానలోకి వెళ్ళిపోయింది. రోడ్డు దాటబోతుంటే గ్యుహో వెనకనుంచి ఉరికి వచ్చి, ఆమె కుడి మణికట్టు పట్టుకుని గిర్రున తనవైపు తిప్పాడు.

"ఎక్కడికి పారిపోతున్నావు?"

కుడి మణికట్టు! రాత్రనక పగలనక గీసి గీసి అరిగిపోయి, నొప్పి పట్టీలతో నెట్టుకొస్తున్న మణికట్టు. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు కరచాలనానికి కూడా కుడిచెయ్యి ఇవ్వరు. బోమి పెట్టిన కేకకి కోడికొట్టాయన పట్టకారుతో సహా పరిగెత్తుకొచ్చాడు.

మధ్యాహ్నానికి ఆస్పత్రి నుంచి కట్టుతో తిరిగొచ్చారు. గ్యుహో కోటు తలుపు దగ్గర కుక్కపిల్లలా ముడుచుకుని పడి ఉంది. అతని మొహం అంతకంటే అధ్వానంగా ఉంది.

"ఎవరు నేర్పారయ్యా నీకు ఈ వెధవ వేషాలు?"

"మీరేనండీ."

"నేనా!"

"మొదటినుంచీ రంగులు వేసింది నేనే కదండీ. డ్యూక్ పట్టుకున్నచోట సిలెట్టా చెయ్యి కమిలితే, అక్కడ గులాబీరంగు వెయ్యమన్నారు. మెరుపులు కూడా చల్లమన్నారు. అలా పట్టుకుంటే మీకు నచ్చుతుందేమో అనుకున్నాను."

బోమి తన చేతివైపు చూసుకుంది. కట్టు అంచున అతని వేళ్ళ గుర్తులు తేలి ఉన్నాయి. నీలం. మధ్యలో కాస్త ఊదా. గులాబీ ఎంత వెతికినా లేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"ఈవారం బొమ్మలు తెరువు," అంది. "గోడ దగ్గర సీను. సిలెట్టా చేతి మీద రంగు మార్చు. నా చెయ్యి చూసి వెయ్యి."

గ్యుహో ముక్కు ఎగబీలుస్తూ నీలం వేశాడు. మెరుపులు తీసేశాడు. పంపిన అరగంటకి మిసుక్ ఫోన్ చేసింది.

"రచయిత్రి గారూ, అదేంటమ్మా, దెబ్బ తగిలినట్టు కనిపిస్తోంది!"

"దెబ్బే కదండీ."

"చదివేవాళ్ళు డ్యూక్‌ని తిట్టిపోస్తారు!"

"తిట్టనివ్వండి. వచ్చేవారం సిలెట్టా కూడా తిడుతుంది," అని బోమి ఫోన్ పెట్టేసింది.

తిరిగి చూస్తే గ్యుహో సంచి సర్దుకుంటున్నాడు.

"రేపటినుంచి రానండీ. పూసాన్‌లో మా బాబాయికి చేపల కొట్టుంది. చేపల్ని ఎంత గట్టిగా పట్టుకున్నా ఏమీ అనవు."

బోమి ఒక్క గెంతులో వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడి, ఎడమచేత్తో ఎలక్ట్రానిక్ తాళం మీట నొక్కింది. తాళం టింగుటింగుమని పాట పాడింది.

"వెళ్ళడానికి వీల్లేదు! నేను పోనివ్వను!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయ్యో రామా," అంది బోమి. "ఇప్పుడు నేను చేసిందేంటి?"

మీట మళ్ళీ నొక్కి, తలుపు బార్లా తెరిచి పక్కకి తప్పుకుంది.

"వెళ్తే వెళ్ళు. నేను ఆపను. కానీ నువ్వు వెళ్తే నాకు ఏడుపొస్తుంది. నువ్వంటే నాకిష్టం. డ్యూక్ కాదు, నువ్వు. ముందే చెప్పాల్సింది, వెక్కిరిస్తూ కూర్చున్నాను."

గ్యుహో ఆమెవైపు చూశాడు. తలుపువైపు చూశాడు. వంగి దణ్ణం పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి దిగిపోయింది. బోమి నేల మీద కూలబడింది. వెళ్ళమంటే నిజంగానే వెళ్ళిపోతాడా మొద్దు! కళ్ళు తుడుచుకోబోతే కట్టు ముక్కుకి తగిలింది.

కాసేపటికి అడుగులు మళ్ళీ పైకొచ్చాయి. గ్యుహో వానకి ముద్దగా తడిసి, ఒగరుస్తూ, తెరిచి ఉన్న గుమ్మం బయటే ఆగాడు.

"నాకూ మీరంటే ఇష్టమండీ. చాలా ఇష్టం."

"మరి వెళ్ళావేం?" అంది బోమి.

"తలుపు తీశారు కదా. నిజంగా వెళ్ళొచ్చో లేదో చూద్దామని వెళ్ళాను."

"చూశావా?"

"రోడ్డు చివరిదాకా వెళ్ళాను. ఎవరూ ఆపలేదు," అన్నాడు గ్యుహో. "అందుకే వచ్చేశానండీ."