మందు సరిగా వేయలేదట

వంతెన మీదికి నీళ్లెక్కిన వరద వచ్చి అప్పటికి రెండేళ్లు. ఊరంతా గడియారం అని పిలిచే అతను కంటాసుపత్రి మందుల కౌంటరు ముందు నిలబడి, చేతిలో ఫైలు ఊపుతూ, ఈ ముక్క ఎవరు రాశారో చెప్పందే కదలనన్నాడు.

బడిలో గంట కొట్టే పని అతనిది. పదేళ్లలో నిమిషం అటూ ఇటూ కాలేదని ఊరు పెట్టిన పేరది. వాళ్ల నాన్నకి రెండు కళ్లలోనూ నీటికాసులు, లోపల నీరు పేరుకుని చూపు తినేసే జబ్బు. ఎడమ కంటికి ఆపరేషన్ చేసి, లోపలి నీరు పోవడానికి సన్నటి దారి పెట్టారు. ఆ పుండు మరీ తొందరగా మానితే దారి పూడిపోతుంది. అందుకని రోజుకి ఎనిమిదిసార్లు చుక్కలు. గంటకీ గంటకీ మధ్య ఇంటికి పరుగెత్తి వేశాడు. అయినా దారి పూడింది, చూపు పోయింది. ఫైల్లో రాసి పడేశారు: ‘మందు సరిగా వేయలేదు’. ఆ మాట చూసి, కుడికన్ను ముట్టుకోవడానికి డాక్టరు వెనకాడుతున్నాడు.

కౌంటరులో అమ్మాయి ఉత్త ఉప్పునీటి చుక్కల సీసా అతని చేతిలో పెట్టి, స్టూలు మీద కూర్చుని తల వెనక్కి వాల్చింది.

“వేసి చూపించండి.”

మొదటి చుక్క బుగ్గ మీద పడింది. రెండోది చెవిలో.

“కళ్లు తెరవండి,” అంది.

“తెరిచే ఉన్నాయిగా.”

“నావి కాదు. మీవి.”

గడియారం చెయ్యి కిందికి దిగింది. కోసిన కన్ను చూడలేక, రెండు నెలలూ కళ్లు మూసుకునే వేశాడు.

“అయితే రాసింది నిజమే,” అన్నాడు.

అప్పుడొచ్చింది ఆమెకి కోపం. “ఎలా నిజమవుతుంది? ఎనిమిదిసార్లు వెయ్యమని చీటీ రాసిచ్చినవాళ్లు ఒక్కసారి వేసి చూపించారా? సీసా ఇచ్చింది నేను. నేనూ చూపించలేదు.”

ఫైలు లాక్కుని డాక్టరు గదిలోకి వెళ్లింది. ఆమె గొంతు నడవా చివరిదాకా వినిపించింది. తిరిగొచ్చేసరికి ఆ ముక్క కొట్టేసి ఉంది. కింద డాక్టరే రాశాడు: ‘మేం నేర్పలేదు’.

కుడికంటికి కొత్త పద్ధతి చేశారు. ఆపరేషన్ అప్పుడే కంటిపొర కింద చక్కెర పలుకంత బిళ్ల పెట్టారు. వారాల తరబడి కరుగుతూ అదే మందు వదిలింది. వారం వారం చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా ఆమె టార్చి వేసి, నాన్న కన్ను చూడమని గడియారాన్ని సతాయించేది. మూడోవారానికి కళ్లు మూసుకోకుండా చూశాడు.

పన్నెండో వారం డాక్టరు, దారి బాగుంది, ఇక ఏడాదికి వస్తే చాలన్నాడు. బయటికొస్తూ గడియారం ఆ బిళ్ల మీద మండిపడ్డాడు. చుక్కలైతే సీసా అయిపోయినప్పుడల్లా కౌంటరుకి రావాల్సొచ్చేది కదా అన్నాడు.

“ఒరేయ్, నాకున్నది ఒక్క కన్ను. నాకే కనపడుతోంది,” అన్నాడు నాన్న. “రెండున్న వాడివి, నీకేమైంది?”

మర్నాడు పొద్దున్నే కౌంటరు తలుపు తీసేసరికి గడియారం నిలబడి ఉన్నాడు.

“చీటీ?” అందామె.

“లేదు,” అన్నాడు. రెప్ప వెయ్యకుండా ఆమె మొహంలోకే చూస్తూ అడగాల్సింది అడిగేశాడు.

ఆమె గోడ మీద టైము చూసి ఉలిక్కిపడింది. “అక్కడ పిల్లలంతా బయట నిలబడి ఉంటారు. ముందు వెళ్లి గంట కొట్టండి. సాయంత్రం మామయ్యని తీసుకుని మా ఇంటికి రండి. మా అమ్మ ముందు మాత్రం ఇలా గుచ్చి గుచ్చి చూడకండి.”

ఆవేళ బడి గంట పదకొండు నిమిషాలు ఆలస్యంగా మోగింది.