నోరు విప్పని పెళ్లిచూపులు

అనంతపురం పళ్ల ఆస్పత్రి బెంచీ మీద పక్కన కూర్చున్న అమ్మాయిని చూసి ఉలిక్కిపడ్డాను. హేమావతి. రెండేళ్ల కిందట విడపనకల్లులో నేను పెళ్లిచూపులు చూసొచ్చిన పిల్ల.

గుర్తుపట్టి మొహం అటు తిప్పుకుంది. తిప్పుకోదా మరి. ఆ రోజు అరగంటసేపు ఎదురుగా కూర్చుని ఒక్క మాటైనా మాట్లాడని మహానుభావుణ్ణి నేనే. తనూ అన్నిటికీ తలే ఊపింది. పిల్లకు ఇష్టం లేదని మావాళ్లు, పిల్లోడికి పొగరని వాళ్లవాళ్లు అనుకున్నారు. సంబంధం అక్కడితో సరి.

నీకేమైందని అడిగాను. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసింది. ముందు పళ్లకు వైర్లు. నావీ చూపించాను.

ఇద్దరిదీ ఒకే రోగం. చిగుళ్లు చెడి, లోపలి ఎముక తగ్గి, ముందు పళ్లు సందులు పడి బయటికొచ్చేశాయి. రక్తం వస్తోందని బ్రష్షే మానేసిన తెలివి కూడా ఇద్దరిదీ ఒకటే. డాక్టరమ్మ హరిత మమ్మల్ని విడివిడిగా తిట్టి, ఆరు నెలలు చిగుళ్లు బాగుచేశాకే వైర్లు వేసింది. తొందరపడి లాగితే పళ్లు ఊడతాయట.

"ఆ పొద్దు నోరు తెరిస్తే పండ్లు కనపడ్తాయని మూసుకోని కూర్చుంటి," అంది హేమ.

"నేనూ దానికే."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వుతుంటేనే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈసారి ఈ పిల్లను పోగొట్టుకోకూడదనుకున్నాను.

వైర్ల వాళ్లను డాక్టరమ్మ నెలలో మొదటి శనివారమే చూసేది. గార్లదిన్నెలో నా మోటార్ల షాపు మూసేసి, తెల్లచొక్కా వేసుకుని పరుగెత్తేవాణ్ణి. శెనిక్కాయలు పండే ఊర్లో ఉండి శెనిక్కాయ నమల్లేవేమప్పా అని హేమ ఏడిపించేది. ప్రతిసారీ అడుగుదామనుకునేవాణ్ణి. సందులు మూసుకోనీ, చక్కటి పళ్లతో నవ్వుతూ అడుగుదామని ఆగేవాణ్ణి. అలా ఎనిమిది నెలలు ఆగాను.

తొమ్మిదో నెల సందులు మూసుకున్నాయి. బయట అరుదైన వాన. ధైర్యం చేశాను.

"హేమా, నువ్వంటే నాకిష్టం. మావాళ్లను మళ్లా పంపిస్తా."

తను బయట వాన వైపు తిరిగింది. తర్వాత మెల్లగా చెప్పింది. పోయిన ఆదివారమే నిశ్చితార్థమైందట. అబ్బాయిది గుంతకల్లు. చిగుళ్ల రోగమనీ, జీవితాంతం జాగ్రత్తగా ఉండాలనీ ముందే చెబితే, ఉండనీలే, నేనే తోడొస్తా ఆస్పత్రికి అన్నాడట.

"పోయిన నెల అడిగింటే ఎగిరి గంతేస్తాంటి. ఎందుకప్పా అడగలేదు? ఇప్పుడు ఆ మనిషికి మాటిచ్చినాను. మంచోడు. అన్యాయం చెయ్యలేను."

పళ్లు కుదురుకోవాలని ఆగానని చెప్పడానికి సిగ్గేసింది. లోపలి నుంచి పిలిస్తే, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

నా వంతు వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలాను. లైటు కిందకి దించుతూ డాక్టరమ్మ నా మొహం చూసింది.

"నొప్పిగా ఉండాదా?"

చాలా నొప్పిగా ఉందన్నాను.

"నేనింకా వైరు ముట్టుకోనే లేదు కదప్పా," అంది.