బొట్టు లేని తుపాకి

"బెల్లంపల్లిలో తుపాకుల దుకాణం పెట్టాలి," అన్నాడు చీఫ్ భానుప్రసాద్.

హైదరాబాద్‌లో కిటికీలు లేని గది. ఎదురుగా ఏజెంట్ నిరంజన్, కోడ్ నేమ్ 'డేగ'. మూడు దేశాల్లో మారువేషాలు వేసినవాడు. దుకాణదారు వేషం మాత్రం ఇదే మొదలు.

"టార్గెట్?"

"బ్లూ లాంతర్. ఫారిన్ గూఢచారుల రింగ్. అక్కడ కొత్త ఫ్యాక్టరీ కోసం విదేశీ ఇంజనీరు వస్తున్నాడు. లోకల్ లైసెన్సు తుపాకితో అతన్ని లేపేసి, నేరం రైతుల మీదికి తోసి, ఒప్పందం చెడగొట్టాలని ప్లాన్. తుపాకి కోసం వాళ్ళు నీ షాపుకే రావాలి."

"బ్యాకప్?"

"వినోద. రింగులో మన డబుల్ ఏజెంట్. వచ్చి కోడ్ వర్డ్ చెప్తుంది: కోతులకు ఏ గన్ను మంచిది?"

ఏసీ గదిలో కూర్చొని ఆలోచిస్తే ఇట్లాంటి కోడ్ వర్డులే పుడతాయి!

దేశ రహస్య సంస్థ పెట్టే దుకాణమైతే మాత్రం లైసెన్సు ఊరికే వస్తుందా? ఒక ఆఫీసరు వచ్చి గోడ మందం చూశాడు. ఇంకొకాయన వచ్చి ఇనుప తలుపు చాలదన్నాడు. మూడో ఆయన అసలు ఈ ఊళ్ళో తుపాకులెందుకని అడిగి, టీ తాగి పోయాడు. నిరంజన్ చెప్పులు అరిగాయి. ఒక ఎండాకాలం పోయి ఇంకోటి వచ్చాక గాని బోర్డు లేవలేదు.

షాపు తెరిచిన రోజే జనం వరుసకట్టారు. ఊరంతా కోతుల బెడద, అందరిదీ ఒకటే మాట. "సేటూ, కోతులకు ఏ గన్ను మంచిది?" రిటైరైన బొగ్గుగని కార్మికులు అడిగారు, టీచరమ్మ అడిగింది, పూజారి అడిగాడు. ఇందులో డబుల్ ఏజెంట్ ఎవరో ఆ భానుప్రసాద్ వచ్చి చెప్పాలి! చివరికి నల్ల కళ్ళద్దాలతో, రైఫిల్ షూటర్‌నంటూ వినోద దిగినప్పుడు కూడా నిరంజన్ విసుగ్గా ఎయిర్ గన్ తీసి, వాడే పద్ధతి చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. ఎన్నికలు ముగిసేదాకా లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలోనో, డీలరు దగ్గరో జమ చెయ్యాలి. రైతు పోశం తన డబుల్ బ్యారెల్ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. అడవిపందుల నుంచి మక్కచేను కాపాడుకోవడానికి ఇచ్చిన తుపాకి అది. ఫ్యాక్టరీ భూముల మీటింగులో అందరికంటే గట్టిగా అరిచిందీ పోశమే.

"ఓట్లు మీకు, పందులు మాకు," అని తిట్టి పోయాడు.

విదేశీ ఇంజనీరు ఊళ్ళో మాట్లాడే సభ రోజు పొద్దున పోశం మళ్ళీ వచ్చాడు. వారానికోసారి వచ్చి తుపాకిని చూసుకొని పోవడం ఆయనకు అలవాటు. నిరంజన్ స్ట్రాంగ్ రూమ్ తాళం తీసి తెచ్చి ఇచ్చాడు.

"ఏం సేటూ, నా తుపాకికి బొట్టేది?"

"ఏం బొట్టు కాకా?"

"దసరాకు పెట్టిన బొట్టు! మల్ల దసరా దాంక దాన్ని తుడుస్తమా మేము? ఎవడు కడిగిండు?"

నిరంజన్ తుపాకిని వెలుతురులోకి తిప్పాడు. నంబరు అదే. గీతలూ అవే. నకలు చేసినవాడు గట్టివాడే. కాని తుపాకి కట్టె పిడి మీది పసుపు కుంకుమలను మురికి అనుకొని వదిలేశాడు. అసలు తుపాకి బయటికి పోయింది!

పోశాన్ని బయట కూర్చోబెట్టి చీఫ్‌కు ఫోన్ కొట్టాడు.

"సార్, తుపాకి మారింది."

"తెలుసు. రెండో తాళంచెవి వినోదకు నేనే ఇచ్చాను. కాల్చనీ. కాలిస్తేనే రింగు మొత్తం చేతికి చిక్కుతుంది."

"ఇంజనీరు?"

"బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ ఉంటుంది."

"పోశం?"

"ఎవరు పోశం?"

నిరంజన్ ఒళ్ళు మండిపోయింది. "ఆ తుపాకి ఎవరిదో ఆ మనిషి సార్! తర్వాత ఇక్కడి నకలును వాళ్ళు మాయం చేస్తే, పోశమే తీసుకపోయి కాల్చిండంటరు. ఉరికి పోయేది ఆయన!"

"దేశం కోసం కొన్నిసార్లు..."

"దేశమంటే మీ గదేనా సార్? పోశం కాదా? సిగ్గుండాలె! ఆ జాకెట్ ఇంజనీరుకు ఎవరు తొడిగిన్రు?"

"వినోదే చూసుకుంటానంది."

"తుపాకీ ఆమె చేతిలనే, జాకెట్టూ ఆమె చేతిలనే. మీరు కళ్ళతో చూసిన్రా?"

"చూడలేదు. పోయి ఆమెను ఆపు నిరంజన్," అన్నాడు చీఫ్.

కవర్ చెడిపోతుందని సర్వీసు పిస్టల్ ఇవ్వలేదు మహానుభావుడు. కెమెరా పెన్ను, జామర్ వాచీ ఇచ్చాడు. వాటితో ఎవడిని ఆపాలి? జనం మధ్య డబుల్ బ్యారెల్ పేల్చే పనే లేదు. నిరంజన్ ఎయిర్ గన్ అందుకొని పోశం బండెక్కాడు. పోశం వెనక కూర్చున్నాడు, దారి పొడుగునా బొట్టు గురించి తిడుతూనే.

గేటు దగ్గర కానిస్టేబుల్ ఆపాడు. "ఏడికి సేటూ, గన్ను పట్టుకొని?"

"షామియానా మీద కోతులట."

"అవ్, పరేషాన్ చేస్తున్నయి. జల్ది పో!"

వేదిక మీద ఇంజనీరు పలచని చొక్కాలో చెమటలు తుడుచుకుంటున్నాడు. ఆ చొక్కా కింద జాకెట్టూ లేదు, గీకెట్టూ లేదు. ముందు వరుసలో 'మా భూములు మాకే' అని ఫ్లెక్సీలు పట్టుకొని రైతు ఆడవాళ్ళు నిలబడ్డారు. అన్ని ఫ్లెక్సీలూ విప్పి ఉన్నాయి. ఒక్కామె మాత్రం చుట్ట విప్పలేదు. మొహం మీదికి కొంగు.

"కాకా, గామె ఎవరు?"

పోశం కళ్ళు చికిలించాడు. "మా ఊరామె కాదు."

ఇంజనీరు మైకు అందుకున్నాడు. ఫ్లెక్సీ చుట్ట మెల్లగా లేచింది. చివర్లో రెండు నల్లటి గొట్టాలు!

నిరంజన్ ఎయిర్ గన్ పేల్చాడు. పెల్లెట్ ఆ కొంగు చాటు వినోద మణికట్టుకు తగిలింది. తుపాకి పైకెగిరి ఢామ్మని పేలింది. షామియానాకు బొక్క పడింది, కోతులు కిచకిచమంటూ పారిపోయాయి. మరుక్షణం పక్కనున్న ఆడవాళ్ళు వినోద జుట్టు పట్టుకున్నారు. పోలీసులు విడిపించేసరికి ఆమె రింగు మనుషుల పేర్లన్నీ తనంతట తనే చెప్పడం మొదలుపెట్టింది.

కింద పడ్డ తుపాకి మీద పోశం ఎగబడ్డాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డంపెట్టి, దానికి సీలు వేశాడు.

"గిది నాది!"

"కోర్టుకు పోతది. కేసు తేలినంక ఇస్తరు."

"ఎన్నడు తేలాలె?" పోశం నిరంజన్ మీదికి తిరిగాడు. "నమ్మి నీకాడ పెట్టిన సేటూ! ఇగ నా చేనుకు కావలెవడు? మంచె మీద నువ్వు పంటవా?"

నిరంజన్ మళ్ళీ పోశం బండెక్కాడు.

పొద్దుగూకే వేళకు మక్కచేను నడుమ మంచె మీద కూర్చొని, భారతదేశపు అగ్రశ్రేణి గూఢచారి పందులు బెదరాలని ఖాళీ నూనె డబ్బాను కర్రతో దంచుతున్నాడు. కింద అడవిపందుల గుంపు గుర్రుమంటోంది. ఫోన్ మోగింది.

"శభాష్ డేగా! నీకు మెడల్ సిఫార్సు చేశాను," అన్నాడు భానుప్రసాద్.

"రేకుదైతే జల్ది పంపండి సార్. ఈ డబ్బా సొట్టలు పోయింది."