నాలుగో అంతస్తులో నీళ్ల చప్పుడు

ఆ అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు చివరి ఇంటి ముందు నుంచి పొద్దుపోయాక ఎవరూ నడవరు. రెండేళ్లుగా దానికి తాళం. మనుషుల్లేరు, సామాన్లు లేవు. కానీ రాత్రి పదకొండు దాటితే చాలు — లోపల స్నానాల గదిలో నీళ్లు పడుతున్న చప్పుడు!

అంతకుముందు అక్కడున్న ముసలాయన ఆ గదిలోనే జారిపడి పోయాడని చెప్పుకుంటారు. నిజానికి ఆయన కూతురింట్లో నిక్షేపంగా ఉన్నాడు, నేనే మాట్లాడాను. అయితేనేం? బతికున్నవాణ్ణి దెయ్యం చెయ్యడం మనవాళ్లకి ఎంతసేపు!

నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది. అది వేరే సంగతి. ఇది మా అన్నయ్యకి జరిగింది. వాడు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను, ఎక్కడన్నా కాస్త ఉప్పూ కారం తగిలితే అది నా నోటి గుణం.

అన్నయ్య ప్లంబరు. ఆ బిల్డింగు ప్రెసిడెంటు కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. అడ్డమల్లా ఆవిడ తండ్రే.

ఆయన్ని అందరూ చెంబుల పెద్దాయన అంటారు. ఆ ఇంట్లో స్నానానికి మనిషికి పది చెంబులు. పదకొండో చెంబు చప్పుడైతే తలుపు అవతల నుంచి దగ్గుతాడు. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకి, బట్టలు జాడించిన నీళ్లు గచ్చు కడగడానికి. కుళాయి కట్టకుండా పళ్లు తోముకున్నవాడు ఆయన దృష్టిలో హంతకుడు.

సంబంధం మాట్లాడటానికి అన్నయ్యతో అమ్మా, నేనూ వెళ్లాం. అంతా బాగానే ఉంది. చివర్లో వీడు చేతులు కడుక్కోవడానికి లేచాడు. కుళాయి పూర్తిగా తిప్పి, సబ్బు రాసుకుంటూ, ఆ అమ్మాయిని చూస్తూ నిలబడిపోయాడు. నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి. పెద్దాయన వాచీ చూసుకున్నాడు.

"పిల్లనివ్వను," అన్నాడు. "ప్లంబరై ఉండి కుళాయి కట్టడం రానివాడు సంసారం ఏం చేస్తాడు?"

నాకు వాడి నెత్తిన ఆ కుళాయే ఊడబీకి కొట్టాలనిపించింది.

ఆ అమ్మాయి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు ఆయన కాస్త దిగొచ్చాడు. "మన ట్యాంకు రాత్రి నిండుగా ఉంటోంది, తెల్లారేసరికి సగం ఉంటోంది. ఆ నీళ్లెక్కడికి పోతున్నాయో మూడు రాత్రుల్లో కనిపెట్టు. కనిపెడితే మాట్లాడదాం. లేదా, మా అమ్మాయిని మర్చిపో."

మొదటి రెండు రాత్రులూ అన్నయ్య గొట్టం గొట్టం తడిమాడు. ఎక్కడా చెమ్మ లేదు. అర్ధరాత్రి దాకా కింది మూడంతస్తులూ గాలించి ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. నాలుగో అంతస్తు వైపు ఎందుకు వెళ్లలేదంటే, "టైము చాల్లేదే" అన్నాడు. టైము కాదు, గుండె చాల్లేదు.

ఇక మూడో రాత్రి. పదకొండైంది. కారిడార్లో దీపాల్లేవు... కరెంటు దండగని పెద్దాయనే తీయించాడు. వీడు టార్చి పళ్ల మధ్య కరుచుకుని మేడమీదికెక్కాడు. ట్యాంకు దగ్గర నాలుగు గొట్టాలు, నాలుగు వాల్వులు. స్క్రూడ్రైవరు మొన గొట్టానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపల నీళ్లు కదిలితే వినిపిస్తుంది. వాళ్ల పనిలో అదో కిటుకు.

మొదటి గొట్టం... చప్పుడు లేదు.

రెండోది... లేదు. మూడోది... అదీ లేదు.

నాలుగోది — సుయ్‌య్‌య్‌...

అది ఆ తాళం వేసిన ఇంటికి పోయే గొట్టం! అంతేనా, కింద ఆ ఇంటి స్నానాల గది వెంటిలేటర్లోంచి సన్నగా ఒక కూనిరాగం... అన్నయ్య కావాలని చేశాడో, చెయ్యి దానంతటదే చేసిందో తెలీదు గానీ — ఆ వాల్వు గిర్రున తిప్పి కట్టేశాడు.

కూనిరాగం ఆగిపోయింది.

ఆ తర్వాత... కింద ఏదో బకెట్టు దొర్లింది. ఎవరో మూలిగారు.

పారిపోదామంటే ఉన్నవి ఒకటే మెట్లు, అవి ఆ గుమ్మం ముందు నుంచే దిగుతాయి. తలుచుకోని దేవుడు లేడు. ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. పళ్లు కొట్టుకుంటుంటే పళ్ల మధ్య టార్చి వెలుగు గోడల మీద గంతులేస్తోంది.

సరిగ్గా గుమ్మం ముందుకొచ్చేసరికి — కిర్ర్‌ర్...

తలుపు తెరుచుకుంది!

తల ఉండాల్సిన చోట తెల్లటి ముద్ద. కళ్లు లేవు, ముక్కు లేదు. రెండు చేతులు గాల్లో తడుముకుంటూ ముందుకొస్తున్నాయి.

"నీళ్లు..." అంది అది గుసగుసగా. "నీళ్లు..."

టార్చి కిందపడింది. అన్నయ్య గోడకి బల్లిలా అతుక్కుపోయాడు. "ఎ... ఎవరు?"

"ఎవరైతే ఏంటి నాయనా, కళ్లు మండిపోతున్నాయి! నీళ్లు!"

దెయ్యానికి కళ్లు మండుతాయా? అన్నయ్యకి కొంచెం ప్రాణం లేచొచ్చింది. వంగి టార్చి తీసి మొహం మీదికి వేశాడు. నెత్తి నుంచి మెడ దాకా సబ్బు నురగ. నడుముకి తువ్వాలు. తువ్వాల్లో దోపుకున్న తాళాల గుత్తి... ఖాళీ ఇళ్ల తాళాలు ఉండేది ఆ బిల్డింగు మొత్తానికి ఒక్కరి దగ్గరే.

"పెద్దాయనా... మీరా?"

నురగ గతుక్కుమంది. "నువ్వా? ఇక్కడేం చేస్తున్నావురా?"

"మీరు చెప్పిన పనేనండీ. నీళ్లెక్కడికి పోతున్నాయో కనిపెట్టాను."

నురగ బుడగలు చిట్లుతున్న చప్పుడు కూడా వినిపించిందట.

"ముప్పై ఏళ్లురా," అన్నాడు చివరికి. "ముప్పై ఏళ్లు నేను కూడా పది చెంబులే పోసుకున్నాను. ఒక్క రాత్రి షవరు కింద నిలబడి చూద్దామనిపించింది. ఎంత హాయిగా ఉందనుకున్నావ్... మర్నాడు మళ్లీ వచ్చాను. దెయ్యం భయానికి ఈ గుమ్మం వైపు ఎవరూ రారు, నువ్వూ రావనుకున్నాను. ఇంట్లో అయితే మా ఆవిడ లెక్కపెడుతుంది కదా."

అన్నయ్యకి నవ్వొచ్చింది, జాలీ వేసింది. అయినా పెళ్లి సంగతి కదా, గుండె దిటవు చేసుకున్నాడు.

"మరి పొద్దున అందరి ముందూ ఏం చెప్పమంటారు? నేను పరాయివాణ్ణి, అబద్ధమాడలేను."

"పరాయివాడివని ఎవడన్నాడు?"

"మీరే కదండీ, పిల్లనివ్వనన్నారు."

నురగ ఒక్క అడుగు వెనక్కి వేసింది. కళ్లు నులుముకుంది, ఇంకా మండింది, కాలు నేలకేసి కొట్టింది. తర్వాత ఆ చీకట్లో, రెండు చేతులూ జోడించి —

"ముందు ఆ వాల్వు తిప్పండి, అల్లుడుగారూ!"

అన్నయ్య మెట్లెక్కాడు. చాలా తీరిగ్గా ఎక్కాడట.